మూడుసార్లే కనిపించే క్రియ, పన్నెండు టన్నుల లాడిల్

హీబ్రూ భాషలోని ఒక అరుదైన క్రియకు అసలు అర్థం చెప్పి, ముగ్గురు పండితుల నోళ్ళు మూయించిన క్రేన్ ఆపరేటర్ ఈ దేశంలో నేనొక్కణ్ణే. ఈ సంగతి మా భిలాయ్ ఖుర్సీపార్‌లో ప్రతి టీ కొట్టులోనూ తెలుసు. ఎందుకంటే ప్రతి టీ కొట్టులోనూ చెప్పింది నేనే.

కొత్తగా క్రేన్ ఎక్కుతున్న పిల్లలు చదువుకోవడానికి ఏదైనా రాయమన్నారు కనుక, నోటితో అన్నది గాలికి పోతుంది గానీ అచ్చులో పడింది పోదు కనుక, కాస్త సవరిస్తాను. పండితులు ముగ్గురు కాదు, ఒక్కరే. అదీ ఒక పెద్దావిడ. ఆవిడ నోరు మూయలేదు సరికదా, నా చేతే నోరు తెరిపించింది. నాకు హీబ్రూలో ఆ ఒక్క క్రియ తప్ప ముక్క రాదు. ఇంకొకటి. భిలాయ్‌లో ఉక్కు పని చేశానంటే అందరూ పెద్ద కర్మాగారం అనుకుంటారు, నేనూ అనుకోనిస్తాను. నిజానికి నేను జీవితమంతా పనిచేసింది పక్కనే ఉన్న హథ్‌ఖోజ్‌లో, ఉక్కు కరిగించి పెద్ద పెద్ద యంత్రభాగాలు పోతపోసే ఒక ప్రైవేటు ఫౌండ్రీలో. నా లాడిల్ వంద టన్నులది కాదు. పన్నెండు.

పన్నెండంటే తక్కువనుకోకండి. మీ తల మీద వేలాడితే లెక్క తెలుస్తుంది.

నా కుర్చీ పైకప్పు కిందుగా, క్రేన్‌కు వేలాడే చిన్న కేబిన్‌లో ఉండేది. కింద కొక్కేనికి లాడిల్, అంటే కరిగిన ఉక్కు పట్టే పెద్ద బాల్చీ. పైనున్నవాడికి కింద మాట వినపడదు, లాడిల్ చాటున ఏముందో కనపడదు. అందుకే నేల మీద ఒక సిగ్నల్‌మన్ నిలబడి చేతులతో చెబుతాడు: నడువు, మెల్లగా, దించు, ఆగు. అర్థమైందని చెప్పడానికి ఆపరేటర్ కాలి కింద గంట ఉంటుంది. ఒకసారి టంగుమంటే ‘చూశాను, అలాగే చేస్తున్నాను’ అని. మా షాపులో రాయని కట్టుబాటు ఒకటుండేది. ఆపరేటర్ చేసిన తప్పు సిగ్నల్‌మన్ బయట చెప్పడు, సిగ్నల్‌మన్ చేసిన తప్పు ఆపరేటర్ చెప్పడు. ఆ ఇద్దరూ ఎన్ని తిట్లు తిట్టుకున్నా అది వాళ్ళిద్దరి మధ్యే.

నా సిగ్నల్‌మన్ నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాళ్ళది విజయనగరం వైపు. తండ్రి చరోదా రైల్వే యార్డులో పనిచేశాడు. క్రైస్తవులు. షిఫ్టు అయ్యాక ఖుర్సీపార్‌లో పిండి మర వెనకాల ఉన్న చిన్న ప్రార్థన హాల్లో పాటలు పాడించేవాడు, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాడు. అక్కడి పాస్టరుగారు మంచం పట్టాక, పనంతా ఇతనే చూస్తున్నాడు గానీ పేరుకు పాస్టరు కాడు. అందుకు పోస్టులో పాఠాలు పంపే ఒక కాలేజీలో పరీక్షలు నెగ్గాలి. అన్నీ నెగ్గాడు, హీబ్రూ తప్ప. అది రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే ఇంకో అవకాశం లేదు, హాలుకు బయటి నుంచి ఎవరినో తెస్తామని సంఘం పెద్దలు చెప్పేశారు.

నేను రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు మాట. క్యాంటీన్‌లో పకోడీ తింటుంటే నోటుబుక్కు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

“అన్నియ్యా, ఒకటి అడగాల. నవ్వకూడదు.”

“నవ్వకుండా ఉండాలంటే ముందు పకోడీ ఇంకో ప్లేటు తే.”

తెచ్చాడు. “ఈసారి హీబ్రూలో ఒక్క మాట మీదే పెద్ద వ్యాసం రాయమన్నారు. మనకిష్టమైన మాట. నేను రాఖఫ్ తీసుకున్నాను.”

“ఆ ఖ ఏటిరా, ఖైనీ ఉమ్ముతున్నట్టు?”

“అలాగే పలకాల అన్నియ్యా. మా పరిశుద్ధ గ్రంథం మొత్తం మీద మూడే మూడు సోట్ల వొస్తాది ఈ క్రియ. మొదటిది మొదటి పేజీలోనే. ఇంకా వెలుగు లేదు, నేల లేదు. సీకటి, లోతైన నీళ్ళు, అంతే. ఆ నీళ్ళ పైన దేవుని ఆత్మ ఏదో సేస్తా ఉన్నాది. ఆ సేస్తున్న పనికే ఈ మాట. కొందరు తేలుతున్నాది అన్నారు. కొందరు కదుల్తున్నాది అన్నారు. గుడ్ల మీద పిట్ట పొదిగినట్టని ఇంకొందరు.”

“రెండోది?”

“ఎడారిలో జనాన్ని నడిపించిన ముసలి నాయకుడు, సచ్చిపోయే ముందు ఒక పాట పాడతాడు. అందులో గద్ద తన గూటి మీద, పిల్లల మీద ఇదే పని సేస్తాది.”

“మూడోది?”

పేజీ తిప్పేశాడు. “అది ఏరే సంగతిలే. ఆ సోట దీంతో పని లేదు.”

మూడు చోట్లే ఉన్నప్పుడు ఒక చోటుతో పని లేకపోవడమేమిటని అక్కడే అడగాల్సింది. నాకు పకోడీ మీద ధ్యాస.

“నాకేటనిపిస్తాదంటే అన్నియ్యా, ఇది గాల్లో తిరిగే మాట కాదు, ఏదో ఒకదాని పైన, దాన్ని వొదిలి పోకండా, దాని మీద పడిపోకండా నిలబడే మాట. పైన నిలబడ్డం అంటే ఏటో మన షాపులో నీకంటే ఎవుడికి తెలుసు? ఆ రోజు లాడిల్ని ఎలా నిలబెట్టినావో సెప్పు. రాసుకుంటాను.”

‘ఆ రోజు’ అంటే మా ఫౌండ్రీలో అందరికీ ఒకటే రోజు. నిండు లాడిల్ పోతగుంట వైపు పోతుంటే, దారిలో ఇసక మోస్తున్న ఒక ఛత్తీస్‌గఢీ కూలీ పోత పోసే రెండు మోల్డు పెట్టెల మధ్య జారి పడ్డాడు. కాలు ఇరుక్కుంది. లాడిల్ సరిగ్గా అతని మీదికొచ్చి ఆగింది. అతన్ని బయటికి లాగేదాకా దాన్ని గాల్లో నిలబెట్టింది నేను. అతనికి కాలు విరిగింది, ప్రాణం నిలిచింది. ఫౌండ్రీ వాళ్ళు నాకు శాలువా కప్పి ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. అప్పటి నుంచి ఆ కథ నా నోట్లో పెరుగుతూనే ఉంది.

“రాసుకో,” అన్నాను. “పదకొండు నిమిషాలు. చెయ్యి వణకలేదు, గుండె అదరలేదు. టేబుల్ మీద గ్లాసు పెట్టినట్టు గాల్లో పెట్టినాను లాడిల్ని. ఒక్క అంగుళం కదిలితే అడుగు.”

అతను రాయకుండా నా మొహం వైపు చూశాడు. “ఇలాగే రాయమంటావేటి, అన్నియ్యా?”

“అక్షరం మార్చకు.”

“సరే,” అని రాసుకున్నాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో, నా మాట హీబ్రూ భాషలోకి ఎక్కబోతోందని చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

“ఏటి సెప్పినారు?”

“చెయ్యి వణకలేదని.”

ఏరడం ఆపింది. “ఆ రోజు అన్నం ముద్ద మీ నోటికి అందలేదు, గుర్తుందా? కలిపి తినిపించినది నేనే. గుండీలు ఇప్పింది నేనే. పాపం, దేవుడి గురించి రాసుకుంటున్నోడికి ఈ కోతలెందుకండీ?”

“అది వేరు. అది ఇంటికొచ్చాక వణికింది.”

“ఔనౌను. కేబిన్‌లో ఉన్నంత సేపూ ఓపిక పట్టి, ఇంటికొచ్చి వణికినాయి సేతులు, పెళ్ళాన్ని సూడాలని,” అని మళ్ళీ బియ్యంలో పడింది.

వ్యాసం పంపించాడు. దాని మీద ప్రశ్నలు అడగడానికి ఆ కాలేజీలో హీబ్రూ చెప్పే పెద్దావిడ రైల్లో వచ్చింది. ప్రశ్నలు సంఘం ఎదుటే అడగడం వాళ్ళ పద్ధతట. శనివారం ఉదయం పిండి మర వెనకాల హాలు నిండిపోయింది. నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నాను. మరి వ్యాసంలో నేనున్నాను కదా. నాకూ శాలువా కప్పుతారేమోనని ఒక చిన్న ఆశ.

ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, పక్కన మంచినీళ్ళ సీసా, చేతిలో ఇతని వ్యాసం. గొంతు మెత్తన, ప్రశ్నలు మాత్రం కాదు.

“బాగా రాశారు,” అంది. “నీళ్ళ మీద ఆత్మ చలించకుండా, స్థిరంగా నిలిచిందన్నారు. క్రేన్ ఆపరేటరు ఉదాహరణ కూడా బాగుంది. గద్దను మాత్రం కాస్త బలవంతంగా కూర్చోబెట్టారు. గూటి మీద ఎగిరే గద్ద రెక్కలు ఆడించకుండా ఎలా నిలబడుతుందండీ?”

హాల్లో నవ్వారు. అతనూ నవ్వాడు గానీ చెమట తుడుచుకున్నాడు.

“సరే, గద్దను వదిలేద్దాం. మూడో చోటు సంగతేమిటి? నలభై పేజీల్లో దానికి రెండు వాక్యాలే ఇచ్చారు. అది వేరే క్రియ అయ్యుండవచ్చు అని దాటేశారు. అలా అన్నవాళ్ళు లేకపోలేదు. కానీ మీరెందుకు అంటున్నారు? మూడో చోట ఏముందో అందరికీ చెప్పండి.”

అతను లేచి నిలబడ్డాడు. నేల చూపులు చూస్తూ చెప్పాడు. “ఒక ప్రవక్త ఉంటాడండి. తన కాలంలో కొందరు దొంగ ప్రవక్తలు దేవుడు సెప్పని మాటలు సెప్పినాడని జనానికి సెబుతారండి. అది సూసి ఈయన గుండె పగిలిపోతాది. తాగినోడిలా అయిపోతాడు. ఈయన ఎముకలు… ఎముకలన్నీ…”

“ఎముకలన్నీ ఏమవుతాయి?”

“వణుకుతాయండి.”

“అక్కడున్న క్రియ?”

“రాఖఫ్.”

“మరి? వణకడం, చలించకుండా నిలబడడం ఒకే క్రియలో ఎలా ఇముడుతాయి? వేరే క్రియ అంటారా, ఆధారం చూపించండి. ఒకే క్రియ అంటారా, ఈ నలభై పేజీలూ ఒంటికాలి మీద నిలబడ్డట్టే. ఏదంటారు?”

అతను ఒక్కసారి నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు నాకు ముప్ఫై అడుగుల ఎత్తు నుంచి ఇరవై ఏళ్ళుగా అలవాటు. అతనికి జవాబు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. నా లాడిల్ నిజంగా ఎలా నిలబడిందో నేను కాక తెలిసినవాడు అతనొక్కడే. ఆ నిజం రాస్తే వ్యాసం నిలబడుతుంది. కానీ అది ఆపరేటరు తప్పు. సిగ్నల్‌మన్ బయట చెప్పడు.

దొంగ మాటలు చెప్పేవాళ్ళను చూసి ఒకాయన ఎముకలు వణికాయట. ముందు బెంచీలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి.

లేచాను. “అమ్మా, ఆ ఆపరేటర్ని నేనే.”

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. “మీ కోసం ప్రశ్నలేమీ లేవండీ. కూర్చోండి.”

“నా దగ్గర జవాబుంది. అతను చెప్పడు. చెప్పకూడదని మా షాపులో కట్టుబాటు. నేనైతే చెప్పొచ్చు.”

“అన్నియ్యా, వొద్దు,” అన్నాడతను. “కూకో. నేనేదో సెబుతాను.”

“నువ్వుండ్రా. ఇన్నేళ్ళు నువ్వు చెయ్యి చూపిస్తే నేను నడిచాను. ఇవాళ నేను చెప్తాను, నువ్వు నిలబడు.”

అలా మొదలుపెట్టి, మా ఆవిడకు కూడా సగమే తెలిసిన ఆ రోజును మొత్తం చెప్పేశాను. మీకూ చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి.

ఆ రోజు నా సిగ్నల్‌మన్ ‘మెల్లగా’ అని చెయ్యి చూపించాడు. నేను గంట కొట్టాను. వేగం తగ్గించలేదు. దారి నాకు తెలుసు, ఇతనికేం తెలుసనే పొగరు. రెండు క్షణాల తర్వాత కూలీ పడ్డాడు. సిగ్నల్‌మన్ రెండు చేతులూ అడ్డంగా చాపి ‘ఆగు’ అన్నాడు. ఆ వేగంలో ఒక్కసారిగా ఆపేశాను. క్రేన్ ఆగింది. లాడిల్ ఆగుతుందా? తాడుకు వేలాడే బరువు. ఊగింది. ఊగి ఆ మనిషి మీదికే పోయింది. అంచు నుంచి రెండు చుక్కలు ఒలికి, అతని మోచేతికి జానెడు దూరంలో ఇసకలో పడ్డాయి. అంటే ఆ మనిషిని కాపాడానని నేను తీసుకున్న కుక్కర్ ఉంది చూశారా, ప్రమాదం మీదికి తెచ్చినవాడికిచ్చిన కుక్కర్ అది. తర్వాత విచారణలో సూపర్‌వైజరు, ‘మెల్లగా అని సిగ్నల్ ఇచ్చావా?’ అని ఇతన్ని అడిగాడు. ‘ఆపరేటర్ గంట కొట్టినాడు సార్’ అన్నాడు. అబద్ధం కాదు. నన్ను పట్టివ్వనూ లేదు.

ఆవిడ వ్యాసం మూసి, ముందుకు వంగింది.

“మరి ఊగుతున్నదాన్ని ఎలా నిలిపారు? మీ చెయ్యి వణకలేదని ఇందులో ఉంది.”

“వణికిందమ్మా. చేతులు, మోకాళ్ళు, పళ్ళు. ఎముకలని ఆయనెవరో అన్నాడే, అవి కూడా. ఊగే లాడిల్‌ను బిగబట్టి ఆపలేం. ఆపితే ఇంకా ఊగుతుంది, పక్కకు లాగేస్తే ఊపు పెరిగి అతని మీదే ఒలుకుతుంది. అది ఎటు పోతే క్రేన్‌ను కొంచెం అటు పోనివ్వాలి, దాని వెంటపడి, దాని నెత్తి మీదికి చేరాలి. మళ్ళీ ఇటు వస్తే ఇటు. జానెడు, బెత్తెడు, రెండు వేళ్ళు. కింద నుంచి చూసేవాళ్ళకు లాడిల్ నిలబడింది. పైన నేను ఒక్క క్షణం నిలబడలేదు.”

“ఎంతసేపు?”

“పదకొండు నిమి…” అని, అతని వైపు చూశాను. అతను తలొంచుకుని నాలుగు వేళ్ళు చూపించాడు. “నాలుగమ్మా. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ వీడు పక్కకు పోలేదు. పోతే నాకు కింద కనపడదని, ఆ మనిషికి రెండడుగుల దూరంలో, లాడిల్ అంచు కిందే, నాకు కనపడేలా నిలబడి చెయ్యి చూపించాడు. అరచేయి కిందికి, వేళ్ళు ఆడిస్తూ. అది మా ఇద్దరి సొంత సిగ్నలు, ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడే ఉండు, కదుల్తా ఉండు అని.”

ఆవిడ నన్ను వదిలేసి అతని వైపు తిరిగింది. “ఇప్పుడు చెప్పండి. ఒకే క్రియా, రెండా?”

అతను నోటుబుక్కు మూసి బల్ల మీద పెట్టేశాడు.

“ఒకటేనండి. ఎముకలు వణకడం, రెక్కలు వణకడం, ఒకే కదలికండి. గద్ద పిల్లల మీద కూలబడదు, వొదిలీసి పోదు. రెక్కలాడిస్తానే ఉంటాది, అందుకే అక్కడ ఉండగల్దు. మొదటి పేజీలో నీళ్ళు కూడా నిలకడ లేనివే కదండి. దేవుడు వాటిని గదమాయించి ఆపీలేదు. వెలుగు కలగాలన్న మొదటి మాట ఇంకా అనలేదు. మాట కంటే ముందు, సృష్టి కంటే ముందు, సీకట్లో ఆ నీళ్ళు ఎటు కదిలితే అటు ఆయన వాటి పైనే ఉన్నాడండి. ఏదీ బాగుపడక ముందే దగ్గరికొచ్చినాడు. నేను దాన్ని స్థిరత్వం అని రాసినాను. స్థిరత్వమే గానీ బండరాయిది కాదండి.”

“ఆగండి. ప్రవక్త వణికాడంటే మనిషి, సరే. దేవుని ఆత్మ వణికిందంటారా? దేవుడికి భయమా?”

ఇరవై ఏళ్ళలో నా సిగ్నల్‌మన్ అంత నెమ్మదిగా మాట్లాడడం నేను వినలేదు. “భయమని అననండి. కింద మనిషున్నప్పుడు పైనున్నోడికి వొచ్చే వణుకు, భయం ఒక్కటే కాదండి. అది నేను కింద నిలబడి సూసినాను.”

ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. దుమ్మే కావచ్చు, పక్కన పిండి మర. తర్వాత వ్యాసం అతని చేతికిచ్చింది.

“ఇది తిరగరాయండి. మూడో చోటును మొదట పెట్టండి. ఇప్పుడు చెప్పినట్టే రాయండి. ఒక నెల గడువిస్తున్నాను. ఇంతకంటే మంచి జవాబు నాకు ఈ మాట మీద ఎవరూ చెప్పలేదు.” నా వైపు తిరిగి, “మీరు మాత్రం ఇంకెవరి వ్యాసానికీ సాయం చెయ్యకండి,” అంది.

శాలువా కప్పలేదు. టీ ఇచ్చారు.

బయటికొచ్చాక అతను నా మీద విరుచుకుపడ్డాడు. “నిన్నెవుడు లెగమన్నాడు? రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని అంతమందిలో పరువు తీసుకున్నావు. నేను ఎలాగోలా నెగ్గేవోణ్ణి కాదేటి?”

“రెండుసార్లు ఎలాగోలా పోయావుగా.”

“అది గ్రామరు, అన్నియ్యా!”

“సరే, ఒకటి చెప్పు. ఎందుకు రాసుకున్నావు నా కోతలు? అబద్ధమని నీకు తెలుసు కదా.”

సైకిల్ తాళం తీస్తూ అన్నాడు. “గంట నువ్వు కొట్టాల. నీ బదులు నేను కొట్టకూడదు.”

అంత మాటా అనేసి, సైకిలెక్కి పోయాడు.

నేను సోమవారం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి గంట సంగతి చెప్పాను. ఆయన సర్వీసు పుస్తకం చూసి, రిటైరయ్యేది ఎప్పుడని అడిగి, మిగిలిన రోజులన్నీ కొత్త ఆపరేటర్లకు ‘మెల్లగా’ అన్న సిగ్నల్ మీద పాఠం చెప్పే శిక్ష వేశాడు. ఇప్పుడు హథ్‌ఖోజ్‌లో ఆ సిగ్నల్‌కు వేగం తగ్గించే ఆపరేటర్లంతా నా శిష్యులే. అంతా అంటే, తొమ్మిది మంది.

అతను తిరగరాశాడు, నెగ్గాడు, హాలుకు పాస్టరయ్యాడు. వ్యాసంలో నా మీద ఒక అధ్యాయం ఉందని చాలామందికి చెప్పాను. ఉన్నది ఒక పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ఈ విషయం ఒక క్రేన్ ఆపరేటర్ ద్వారా గ్రహించబడింది. పేరు లేదు. ఆ వాక్యాన్ని జిరాక్సు తీయించి కుక్కర్ మీద అంటించాను. ఆవిరి తగిలి ఊడిపోతే మా ఆవిడ మళ్ళీ అంటించింది. ఈసారి మైదాపిండి జిగురుతో.

మాది శివాలయానికి వెళ్ళే కుటుంబం. అయినా ఏడాదికొక ఆదివారం, అతను గ్రంథం మొదటి పేజీ చదివే రోజున, నేను వెళ్ళి హాల్లో వెనక బెంచీలో కూర్చుంటాను. టీ కోసమని చెప్పుకుంటాను. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతను చదవడం ఆపుతాడు. పుస్తకం మీది నుంచి కుడిచెయ్యి లేస్తుంది. అరచేయి కిందికి, వేళ్ళు ఆడుతూ. జనం అది ఆత్మకు గుర్తనుకుంటారు. వాళ్ళు అనుకున్నదీ తప్పు కాదు.

నా కాలి కింద ఇప్పుడు గంట లేదు. బెంచీ ఇనప కమ్మీ మీద వేలి ఉంగరంతో ఒక్కసారి కొడతాను, టంగుమని. కొట్టి, వేగం తగ్గిస్తాను.